పరుగు – పదిలం

‘పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు’ అన్నారు పెద్దలు. పరుగును నిందించడం ఈ సామెత ఉద్దేశం కాదు. ఆత్రాన్ని హెచ్చరించడమే దీని అంతరార్థం. దూరపు పరుగును అలవరచుకొనేవారికి ఈ హెచ్చరిక అక్షరాలా వర్తిస్తుంది.

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని జుక్కల్, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువలో ఉన్న మండల కేంద్రం. నల్లరేగడి చేలు, కౌలాస్ కోట ఈ సీమకు గుర్తులు. ఇటువంటి గ్రామీణ ప్రాంతాలలో పరుగెత్తేవారికి తారురోడ్డే మైదానం; వేకువే తగిన సమయం. వారిలో కొందరిది ఆరోగ్యాభిలాష. కొందరికి ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వంటి పందేలలో పాల్గొనాలనే ఉత్సాహం. మరికొందరికి పరుగే జీవనోపాధికి ద్వారం. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తి చేయవలసి వచ్చింది. లక్ష్యం ఏదైనా, గడువు సమీపించేకొద్దీ సాధనను ఒక్కసారిగా పెంచాలనిపించడం సహజం. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం కాలిపై పడుతుంది. కిలోమీటరుకు సుమారు వేయి అడుగులు అనుకుంటే, ఐదు కిలోమీటర్ల పరుగులో ఒక్కొక్క కాలు రెండున్నర వేల సార్లు ఆ బరువును భరిస్తుంది. ఈ ఒత్తిడి స్వతహాగా చెడ్డది కాదు. ఒత్తిడికి లోనైన ఎముకలు, కండరాలు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధనాలు విశ్రాంతి వేళలో తమను తాము బాగుచేసుకొని మునుపటికంటే దృఢమవుతాయి. అయితే గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలోనే సాధనకు అలవాటుపడితే, ఎముకలు, స్నాయుబంధనాలు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి సరేనన్న దూరానికి ఎముక ఇంకా సిద్ధమై ఉండదు. పరుగు గాయాలలో అధికభాగం ఈ వ్యత్యాసం నుండి పుట్టినవే.

దూరపు పరుగువారిలో అన్నిటికంటే ఎక్కువగా గాయపడేది మోకాలు. మోకాలిచిప్ప చుట్టూ నొప్పి, మడమ వెనుక స్నాయుబంధనంలో బిగుసు, నిద్ర లేచి మోపిన తొలి అడుగులోనే అరికాలిలో పోటు తరచుగా కనబడే బాధలు. మోకాలి దిగువనున్న అంతర్జంఘికలో మొదలైన నొప్పిని లెక్కచేయక పరుగు సాగిస్తే, చివరకు ఆ ఎముకలో సన్నని బీట ఏర్పడవచ్చు.

ఈ గాయాలకు కారణాలను శాస్త్రజ్ఞులు విస్తృతంగా పరిశీలించారు. వారానికి పదిశాతం కంటే దూరం పెంచరాదన్నది చిరకాలంగా ప్రచారంలో ఉన్న సూత్రం. కాని ఆ సూత్రం ప్రకారం సాధన చేసిన కొత్తవారిలో గాయాలు తగ్గలేదని 2008లో నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది. 5,205 మందిని పరిశీలించి 2025లో ప్రకటించిన మరొక అధ్యయనం ఈ చిక్కును కొంత విప్పింది. వారపు మొత్తం కంటే ఒక్కపూట చేసే సాహసమే ప్రమాదకరమని అందులో తేలింది. గడచిన 30 రోజులలో పరుగెత్తిన అత్యధిక దూరాన్ని ఒకే పూటలో పదిశాతానికి మించి దాటినవారికి గాయాల ముప్పు పెరిగింది. ఆ దూరాన్ని రెట్టింపునకు మించినవారికి ముప్పు రెండింతలకు పైగా అయింది. కనుక నెలలో ఐదు కిలోమీటర్లకు మించి పరుగెత్తనివారు మరుసటి మారు ఐదున్నర దాటకుండడం వివేకం.

ముప్పును పెంచే మరొక ముఖ్యకారణం పాతగాయం. ఒకమారు గాయపడినవారు పూర్తిగా కోలుకోకముందే మునుపటి వేగాన్ని అందుకోవాలనుకోవడం అనర్థదాయకం. చాలినంత ఆహారం, నిద్ర లేకపోవడం కూడా ఎముకలను బలహీనపరుస్తుంది. కఠిన సాధన చేసే యువతులకు ఋతుక్రమం తప్పితే, దానిని ఉపేక్షింపక వైద్యులను సంప్రదించాలి. ఖరీదైన బూట్లు గాయాలను ఆపుతాయనడానికి బలమైన ఆధారం లేదు. కాలికి హాయిగా అమరిన బూట్లు చాలు.

నొప్పులన్నీ ఒకటి కావు. రెండు కాళ్లలోను వ్యాపించి రెండు మూడు రోజులలో తగ్గే కండరాల నొప్పి సాధనలో భాగం. ఎముకపై ఒకేచోట వేలితో నొక్కితే కలుక్కుమనే నొప్పి, రాత్రివేళ విశ్రాంతిలోనూ వదలని నొప్పి ప్రమాద సూచనలు. అవి కనబడితే పరుగు ఆపి వైద్యుని దర్శించాలి.

పరీక్షకు రెండు నెలల ముందు నొప్పిని దాచి పరుగెత్తే అభ్యర్థి పదిరోజుల విశ్రాంతిని పోగొట్టుకోరాదని భావిస్తాడు. ఎముక బీటవారిన పిమ్మట ఆ రెండు నెలలూ, వాటితోపాటు ఆ ఏటి అవకాశమూ చేజారిపోతాయి. పరుగును వృద్ధి చేసేది పరుగు ఒక్కటే కాదు, రెండు పరుగుల నడుమ లభించే విశ్రాంతి కూడా. అందువల్లనే వేగాన్ని కోరేవారికి సైతం నిదానమే ప్రధానం.