నెల తక్కువ బిడ్డకు ఏ వేళకు ఏం కావాలి?

ఏడో నెలలో పుడితే బతుకుతుందట, ఎనిమిదో నెలలో పుడితే దక్కదట! ఊళ్లలో పెద్దలు ఇప్పటికీ అనే మాట ఇది. నిజం దీనికి తలకిందులు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 37 వారాలు నిండకముందే అయ్యే కాన్పును నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది ఇలా పుట్టారని అంచనా.

ఉదాహరణకు చండ్రుగొండ సంగతి చూద్దాం. అది ఒకప్పుడు ఖమ్మం జిల్లా మండలం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. కోయ గూడేలు, లంబాడా తండాలు, అడవి అంచున గుత్తికోయల ఇళ్లు ఉన్న ప్రాంతం. పెద్దాసుపత్రి కావాలంటే కొత్తగూడెమో భద్రాచలమో ఖమ్మమో వెళ్లాలి. ఇలాంటి చోట ఏ ముప్పు ఎప్పుడొస్తుందో ముందే తెలిసి ఉండటం సగం వైద్యం.

మొదటి ముప్పు ఊపిరిది. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పల్చటి పొర కాపాడుతుంది. అది 34, 35 వారాలకు గానీ చాలినంత తయారవదు. కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇస్తే ఈ లోటు తగ్గుతుందని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ చూపారు. మన దేశంలో 2014 నాటి మార్గదర్శకాల ప్రకారం 24–34 వారాల మధ్య నొప్పులొస్తే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటలకొకటిగా నాలుగు సూదులు వేస్తారు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి సూది ఊరి నర్సు ఏఎన్‌ఎం కూడా వేయవచ్చు.

పుట్టిన గంటలోనే మరో ముప్పు చలి. చర్మం కింద కొవ్వు లేని బిడ్డ ఒళ్లు ఇట్టే చల్లబడుతుంది. దాంతో రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి కష్టమవుతుంది. అందుకే వెంటనే స్నానం చేయించకూడదు. సాంబ్రాణి పొగ అసలే వద్దు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పాలి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో బొగోటాలో డాక్టర్ ఎడ్గార్ రే మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదే. 1 నుంచి 1.8 కిలోల బిడ్డలకు పుట్టగానే దీన్ని మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వెలువడిన ఐదు దేశాల అధ్యయనం తేల్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి కూడా అందులో పాల్గొంది.

మొదటి మూడు రోజుల్లో మెదడులో రక్తస్రావం, ఆ తర్వాత పేగు కుళ్లే జబ్బు, ఇన్‌ఫెక్షన్ల భయం. పేగుకు అన్నిటికన్నా మంచి కాపుదల తల్లిపాలు. చప్పరించడం, మింగడం, ఊపిరి పీల్చడం ఈ మూడూ ఒక లయలో కుదిరేది దాదాపు 34 వారాలకు. అంతకంటే చిన్నవాళ్లకు పిండిన పాలను ఉగ్గుగిన్నెతోనో చెంచాతోనో, మరీ చిన్నవాళ్లకు గొట్టంతోనో పడతారు. తేనె, చక్కెర నీళ్లు కూడదు. తల్లికి పాలు పడకపోతే దాతల పాలు ఉన్నాయి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో 2017 నుంచి ధాత్రి పాల బ్యాంకు నడుస్తోంది.

ఇక ఎంత కావాలంటే, రోజుకు కిలో బరువుకు 110–135 కేలరీలు, మూడున్నర నుంచి నాలుగు గ్రాముల మాంసకృత్తులు. ఇనుము, కాల్షియం ఎక్కువగా నిల్వ చేరేది చివరి మూడు నెలల్లోనే. ఆ గడువు దక్కని బిడ్డకు డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము, విటమిన్ డి చుక్కలు వేయాలి. మరీ తక్కువ బరువుంటే తల్లిపాలలో పోషకాల పొడి కలుపుతారు.

అందరూ మరిచిపోయేది కన్ను. 34 వారాలలోపు పుట్టినా, 2 కిలోలకు తగ్గినా, నెల నిండేలోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకైతే రెండు, మూడు వారాలకే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి డాక్టర్ సుభద్ర జలాలీ ఏళ్లుగా మొత్తుకుంటున్నది ఈ ముప్పై రోజుల గడువు గురించే. బిడ్డ చక్కగా పాలు తాగుతున్నా, రెటీనా జబ్బు బయటికి కనిపించకుండానే చూపు తీసేస్తుంది.

ఇంటికొచ్చాక ఆశ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బరువు, ఊపిరి, వెచ్చదనం చూడాలి. పాలు తాగకపోయినా, పక్కటెముకలు ఎగసినా, పాదాలు చల్లబడినా ఆగకుండా 108కు ఫోన్ చేయాలి.

పై గడువుల్లో చాలావాటిని వారాలతోనే లెక్కకడతారు. వారాలు తెలియాలంటే చివరి నెలసరి మొదలైన తేదీ ఎవరో ఒకరు రాసి ఉంచాలి. మొదటి మూడు నెలల్లో తీసే స్కానింగ్ ఆ లెక్కకు మరింత నమ్మకమైన ఆధారం. కాబట్టి నెల తక్కువ బిడ్డ వైద్యం, గర్భిణి పేరు 12 వారాలలోపు ఏఎన్‌ఎం రిజిస్టరులోకి ఎక్కిన రోజునే మొదలవుతుంది.