గడువు పెరిగినా వడ్డీ ఆగదు
రిటర్ను వేరు.. పన్ను చెల్లింపు వేరు

జల్‌పల్లి: ఆదాయపు పన్ను రిటర్నుల దాఖలుకు గడువు పొడిగించారనగానే పన్ను కట్టేందుకూ అంతే వ్యవధి లభించిందని చిరువ్యాపారులు భావించడం పరిపాటి. రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండల పరిధిలోని జల్‌పల్లి, షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ ప్రాంతాల్లో తుక్కు గోదాములు, చిన్న పరిశ్రమలు, డీసీఎం వ్యాన్లపై ఆధారపడి జీవించేవారికి ఈ అపోహ ఏటా నష్టమే మిగులుస్తోంది. పొడిగింపు వల్ల తప్పేది అపరాధ రుసుము. బకాయి పన్నుపై వడ్డీ మాత్రం ఒక పక్క నడుస్తూనే ఉంటుంది.

2025లో జరిగినదే ఇందుకు నిదర్శనం. ఆడిట్ అవసరం లేనివారు జూలై 31లోగా రిటర్నులు వేయవలసి ఉండగా, ఫారాలలో మార్పులు జరిగి అవి ఆలస్యంగా వెలువడడంతో ప్రత్యక్ష పన్నుల కేంద్రీయ మండలి మే 27న గడువును సెప్టెంబరు 15 వరకు పెంచింది. చివరి రోజు పోర్టల్‌పై ఒత్తిడి అధికం కావడంతో అర్ధరాత్రి వేళ మరో రోజు కలిపి 16వ తేదీగా ప్రకటించింది. అప్పటికే దేశవ్యాప్తంగా 7.3 కోట్లకు పైగా రిటర్నులు దాఖలయ్యాయి. ఆడిట్ కేసులకు రాజస్థాన్ తదితర హైకోర్టుల జోక్యం అనంతరం నివేదిక గడువు పెరగగా, రిటర్ను గడువు అక్టోబరు 31 నుంచి డిసెంబరు 10కి మారింది.

లెక్క ఇలా..

ఒక గోదాము యజమాని 2024-25 ఆదాయంపై రూ.60 వేల పన్ను చెల్లించవలసి ఉన్నదనుకుందాం. ముందస్తు పన్ను ఏమీ కట్టలేదు. జూలై 31న పన్ను చెల్లించి రిటర్ను వేసి ఉంటే, 234బి సెక్షను కింద ఏప్రిల్ 1 నుంచి నెలకు ఒక శాతం చొప్పున నాలుగు నెలలకు రూ.2,400 వడ్డీ పడుతుంది. గడువు పెరిగింది కదా అని సెప్టెంబరు 15 వరకు ఆగితే, నెలలో కొంత భాగమైనా పూర్తి నెలగానే లెక్కిస్తారు కనుక ఆరు నెలలకు రూ.3,600 అవుతుంది. అంటే ఉచితంగా వచ్చిందనుకున్న వ్యవధికి రూ.1,200 మూల్యం! మార్చిలో ముందస్తు పన్ను కట్టనందుకు 234సి కింద పడే వడ్డీ దీనికి అదనం. టీడీఎస్ పోగా కట్టవలసిన పన్ను రూ.10 వేలు, అంతకు మించితేనే ముందస్తు పన్ను నిబంధన వర్తిస్తుంది. వ్యాపార ఆదాయం లేని 60 ఏళ్లు పైబడినవారికి దీని నుంచి మినహాయింపు ఉంది.

గడువు దాటాక రిటర్ను వేస్తే 234ఎ కింద మరో ఒక శాతం వడ్డీ మొదలవుతుంది. 234ఎఫ్ కింద రూ.5 వేల అపరాధ రుసుము, ఆదాయం రూ.5 లక్షల లోపైతే రూ.వెయ్యి కట్టాలి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. ఆ ఏడాది వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని తరువాతి సంవత్సరాల లాభంలో సర్దుకునే అవకాశం పోతుంది. ఈ సంగతి చాలామందికి బ్యాంకు రుణం కోసం ఆడిటర్ వద్దకు వెళ్లినప్పుడు గాని తెలియదు.

వరదల ఏడాది

కరోనా కారణంగా 2020లో జూలై 31 గడువు ముందుగా నవంబరు 30కి, తరువాత డిసెంబరు 31కి, చివరకు 2021 జనవరి 10కి మారింది. అదే ఏడాది అక్టోబరు వర్షాలకు బుర్హాన్‌ఖాన్ చెరువు పొంగి ఉస్మాన్‌నగర్ ఇళ్లు నెలల తరబడి నీటిలో నానాయి. ఆ సమయంలో బిల్లులు, పాస్‌పుస్తకాలు తడిసిపోయినవారికి కరోనా పొడిగింపు అనుకోకుండా అక్కరకు వచ్చినట్లయింది. అయితే ఆ పొడిగింపులో ఒక మెలిక ఉంది. స్వయంగా లెక్కించి కట్టవలసిన పన్ను రూ.లక్ష దాటినవారికి 234ఎ వడ్డీ పాత గడువు నుంచే పడింది. 2018లో కేరళ వరదల సందర్భంగా ఆ రాష్ట్రానికి ప్రత్యేకంగా సెప్టెంబరు 15 వరకు గడువిచ్చిన ఉదాహరణ కూడా ఉంది. కాగా 2022, 2023, 2024లలో జూలై 31 గడువును పెంచనేలేదు. ఎలాగూ పొడిగిస్తారులే అని కూర్చున్నవారు ఆ మూడేళ్లూ రుసుము కట్టుకున్నారు.

ఆదాయం తక్కువైనా తప్పదు

పన్ను పరిధిలో లేము కాబట్టి రిటర్ను అక్కరలేదన్నది మరో అపోహ. ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి రూ.25 వేలు, వృద్ధులకైతే రూ.50 వేలు చేరితే రిటర్ను తప్పనిసరి. తుక్కు కొనుగోలుపై 2024-25లో టీసీఎస్ ఒక శాతం కనుక, తిరిగి అమ్మేందుకు రూ.25 లక్షల సరకు కొన్న వ్యాపారి లాభంతో నిమిత్తం లేకుండా ఈ నిబంధన కిందికి వస్తాడు. ఆ మొత్తం అతని పాన్ ఖాతాలోనే జమ అయి ఉంటుంది. రిటర్ను వేయనిదే వాపసు రాదు. మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్ల బిల్లుల్లో కోసుకున్న ఒక శాతం టీడీఎస్ సైతం ఇంతే. 26ఏఎస్ పట్టిక తీసి చూసుకుంటే ఎంత జమ ఉన్నదీ తెలుస్తుంది.

రిటర్ను పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీ ద్వారానో, ఇతర పద్ధతిలోనో ధ్రువీకరించాలి. ఆ వ్యవధి మించితే ధ్రువీకరించిన తేదీనే దాఖలు తేదీగా పరిగణిస్తారు. ఆధార్‌కు పాత ఫోను నంబరు ఉన్నవారు, గల్ఫ్‌లో ఉన్న కుటుంబ సభ్యుల నంబరు ఇచ్చినవారు ముందుగానే దాన్ని మార్పించుకోవడం మేలు.

2026 ఫిబ్రవరి 1న ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో గడువులను విడదీస్తూ ప్రతిపాదన చేశారు. ఐటీఆర్-1, 2 వేసే వ్యక్తులకు జూలై 31 యథాతథంగా ఉంచి, ఆడిట్ అవసరం లేని వ్యాపారులకు, ట్రస్టులకు ఆగస్టు 31 వరకు సమయమిస్తామన్నారు. గోదాముల యజమానులు, వ్యాన్ల యజమానులలో అధికులు రెండో కోవలోకే వస్తారు. రిటర్నుకు నెల రోజులు కలిసివచ్చినా, ముందస్తు పన్ను బకాయిపై వడ్డీ ఏప్రిల్ 1 నుంచే లెక్కలోకి వస్తుంది.