ఈలలేసి ఆపాలనుకున్నారు!

థియేటర్లో ఈలలు పడితే దర్శకుడికి పండగే. అదే షూటింగ్ దగ్గర, సినిమా ఆగిపోవాలని ఈలలేస్తే? 1979 వేసవిలో న్యూయార్క్‌లో అదే జరిగింది. గ్రీనిచ్ విలేజ్ వీధుల్లో ‘క్రూజింగ్’ చిత్రీకరణ సాగుతుంటే గే ఉద్యమకారులు గుంపులుగా వచ్చారు. ఈలలేశారు, హారన్లు మోగించారు. మేడలమీంచి అద్దాలతో వెలుతురును కెమెరాల మీదికి కొట్టారు. ఆ గోలవల్ల చాలా సంభాషణలకు తర్వాత మళ్లీ డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది.

అంత కోపం ఎందుకంటే... కథ అలాంటిది. గే పురుషులను వరసగా చంపుతున్న హంతకుణ్ని పట్టుకోవడానికి ఓ యువ పోలీసు, తోలు దుస్తులవాళ్లు చేరే బార్లలోకి మారువేషంలో వెళతాడు. జెరాల్డ్ వాకర్ 1970లో రాసిన నవల దీనికి ఆధారం. పోలీసుగా వేసింది అల్ పచినో. దర్శకుడు ‘ద ఫ్రెంచ్ కనెక్షన్’తో ఆస్కార్ అందుకున్న విలియం ఫ్రీడ్‌కిన్.

పోలీసు దాడిపై గేలు తిరగబడ్డ స్టోన్‌వాల్ ఘటన జరిగి అప్పటికి పదేళ్లే. తెరమీద తమలాంటివాళ్లు కనిపించేదే అరుదు. కనిపించినా కత్తులూ చీకటిగదులేనా అన్నది వాళ్ల బాధ. ‘విలేజ్ వాయిస్’ కాలమిస్టు ఆర్థర్ బెల్ షూటింగ్‌ను అడ్డుకోమని పిలుపునిచ్చాడు. చిత్రమేంటంటే, ఆ బార్లకు రోజూ వెళ్లేవాళ్లలో కొందరు అదే సినిమాలో జనంలో కలిసి నటించారు. వీధిలో ఈలలేసిందీ, లోపల కెమెరా ముందు నిలబడిందీ ఒకే సమాజం!

1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు, ఇది ఒక చిన్న వర్గం కథే తప్ప అందరిదీ కాదంటూ మొదట్లోనే ఓ ప్రకటన వేశారు. అదే ఏడాది నవంబరులో, అదే విలేజ్‌లో, గే బార్ దగ్గర ఓ వ్యక్తి జరిపిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. దానికీ సినిమాకీ ముడిపెట్టలేం. కానీ నిరసనకారుల భయం ఉత్తిది కాదని మాత్రం తేలింది.

1981లో ఎయిడ్స్ తొలి కేసులు బయటపడ్డాయి. ఆ మహమ్మారి విలేజ్‌లో ఎందరినో పొట్టన పెట్టుకుంది. అందుకే, ఒకప్పుడు ఛీకొట్టిన సినిమానే ఇప్పుడు కొందరు కనుమరుగైన లోకానికి మిగిలిన ఆనవాలుగా చూస్తున్నారు. ఫ్రీడ్‌కిన్ 2023లో కన్నుమూశాడు. వాదన మాత్రం ఆగలేదు.

ఒక సమాజం గురించి వంద కథలొస్తే వాటిలో ఓ హంతకుడి కథ ఉన్నా ఎవరూ పట్టించుకోరు. వచ్చేదే ఒకటీ అరా అయితే, చూసేవాళ్లు దాన్నే నిజమనుకుంటారు. ఆ ఈలల వెనకున్న మాట అదే!