వార్తల్లో పదం: ప్రయర్ ఆర్ట్

ముద్రణ యంత్రంపై పేటెంట్ అడిగితే పరీక్షాధికారి ముందుగా పాతవి తిరగేస్తారు. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిన పేటెంట్లు, పత్రాలు, యంత్రాలు అన్నీ కలిపి ప్రయర్ ఆర్ట్. కొత్తదనం ఉన్నా, ఆ పనిలో చేయి తిరిగిన మనిషికి సులువుగా తట్టేదైతే పేటెంట్ రాదు.

సులువుగా తట్టేదేనా అని తేల్చేటప్పుడు పాతవన్నీ పోలికకు పనికొస్తాయా? అమెరికాలో రావు. అదే రంగానిదో, అదే సమస్యకు సంబంధించినదో అయి ఉండాలి. సిరా త్వరగా ఆరేందుకు వేడిగాలి ఊదే ప్రింటర్ ఒకటి అనుకుందాం. బట్టలకు రంగులద్దే మిల్లులో అలాంటి ఏర్పాటు ముందే ఉంటే? రంగం వేరైనా చిక్కు ఒకటే, తడి ఆరాలి. కాబట్టి దాన్ని పోల్చవచ్చు.

రెండు పాతవాటిని కలిపితే కొత్తది వస్తుందన్నంత మాత్రాన పేటెంట్ కాదనడానికి సరిపోదు, కలపడానికి కారణం కనబడాలి. 2007లో కేఎస్‌ఆర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు బిగుసుకుపోయిన సూత్రాలు వద్దంటూనే ఆ కారణం చూడడం ముఖ్యమంది. నా దృష్టిలో అసలు రక్షణ ఇదే. ఎందుకంటే జవాబు తెలిశాక ఏ లెక్కయినా తేలికే అనిపిస్తుంది. ఆ వెనుకచూపుతో తీర్పిస్తే, ఏళ్ల తరబడి శ్రమించిన మనిషికి అన్యాయం జరుగుతుంది. మన పేటెంట్ల చట్టంలోనూ 2(1)(జెఎ) కింద, సులువుగా తట్టేదేనా అన్న పరీక్ష ఉంది.