బీదరుకు వచ్చిన బాటసారి

కమలనగర్ రైల్వేస్టేషనులో ఆగే బండ్లు ఒకవైపు ఉద్గీర్, లాతూర్ రోడ్ మీదుగా పర్లీ దాకా పోతాయి. రెండోవైపు భాల్కి, బీదరు, జహీరాబాదు, వికారాబాదుల మీదుగా హైదరాబాదు దారి పడతాయి. ఈ ఊరు కర్ణాటకలోని బీదరు జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉంది. బండి కోసం నిలబడ్డవారి మాటలు చెవిన పడితే కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినిపిస్తాయి. 1956 నవంబరు 1న భాషలను బట్టి రాష్ట్రాలు ఏర్పడినప్పుడు నాటి హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లా మూడు రాష్ట్రాలకు పంపకమయింది. గీతలు మారాయి గాని, మనుషులూ వారి భాషలూ ఉన్నచోటనే ఉన్నాయి.

కమలనగర్ వారికి బీదరు వెళ్ళిరావడం ఒక పూట పని. ఉదయం బయలుదేరి, కోట చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరవచ్చు. అయిదున్నర శతాబ్దాల కిందట మాత్రం ఒక మనిషి ఇదే బీదరును చేరడానికి ఏళ్ళ తరబడి ప్రయాణం చేశాడు. నదిని, సముద్రాలను, ఎడారులను, కొండలను దాటి వచ్చాడు. అతని పేరు అఫనాసీ నికితిన్. రష్యా దేశంలో వోల్గా నది ఒడ్డున ఉన్న ట్వేర్ నగరం అతని స్వస్థలం. వృత్తి వర్తకం. పోర్చుగీసు నావికుడు వాస్కో డ గామా 1498లో కాలికట్ తీరానికి వచ్చాడని మనం చరిత్ర పాఠాలలో చదువుతాము. అంతకు పాతికేళ్ళకు ముందే నికితిన్ బీదరు వీధులలో తిరిగాడు. అతని వెనుక ఏ రాజూ లేడు, ఓడల దండూ లేదు.

నికితిన్ మొదట భారతదేశానికి రావాలని బయలుదేరలేదు. తోటి వర్తకులతో కలిసి పడవలలో సరుకు వేసుకొని వోల్గా నది వెంట దిగువకు ప్రయాణమయ్యాడు. కాస్పియన్ సముద్రతీరంలోని పట్టణాలలో సరుకు అమ్ముకొని తిరిగి వెళ్ళాలన్నది వారి ఆలోచన. నది సముద్రంలో కలిసే చోట, అస్త్రఖాన్ దగ్గర, దోపిడీగాండ్రు వారిమీద పడ్డారు. సరుకంతా పోయింది. దానితోపాటు నికితిన్ వెంట తెచ్చుకొన్న పుస్తకాలు కూడా పోయాయి. అప్పు తెచ్చి వ్యాపారం చేసినవాడు వట్టి చేతులతో ఇంటికి పోతే అప్పులవాళ్ళు ఊరుకోరు. అందుచేత కొందరు వర్తకులు వెనక్కు మళ్ళినా, నికితిన్ ముందుకే సాగాడు. బాకూ మీదుగా పర్షియా, అంటే నేటి ఇరాన్, చేరాడు. ఊరూరా ఆగుతూ ఆ దేశాన్ని ఉత్తరం నుండి దక్షిణానికి దాటి హోర్ముజ్ రేవుకు వచ్చాడు.

అక్కడ అతనికి ఒక సంగతి తెలిసింది. దక్కనులో మేలుజాతి గుర్రాలు పుట్టవు. కాని అక్కడి సుల్తానుల సైన్యాలకు గుర్రాలు కావాలి. అందువల్ల అరబ్బు, పర్షియా దేశాల నుండి గుర్రాలను ఓడలలో ఎక్కించి పశ్చిమ తీరానికి తెచ్చి, మంచి ధరకు అమ్మేవారు. నికితిన్ తన దగ్గర మిగిలిన డబ్బంతా పెట్టి ఒక మగ గుర్రాన్ని కొన్నాడు. దానితో ఓడ ఎక్కి, నేటి మహారాష్ట్రలోని చౌల్ రేవులో దిగాడు. తెల్లని మేనిఛాయ గల ఆ పరదేశిని చూడడానికి జనం గుంపులుగా వెంటబడేవారట. ఈ ముచ్చటను అతడే రాసుకొన్నాడు.

చౌల్ నుండి కొండదారిన జున్నర్ చేరేసరికి వానకాలం వచ్చిపడింది. బురదదారుల్లో ముందుకు పోయే వీలు లేక రెండు నెలలు అక్కడే ఉండిపోయాడు. శనగలు, ఉడికించిన కిచిడీ పెట్టి గుర్రాన్ని మేపుకొంటూ వచ్చాడు. ఇంతలో జున్నర్ అధిపతి ఆ గుర్రాన్ని పట్టుకొన్నాడు. తన మతంలో చేరితే గుర్రాన్ని ఇవ్వడమేగాక, వేయి బంగారు నాణేలు కూడా ఇస్తానన్నాడు. చేరకపోతే గుర్రమూ దక్కదు, పైగా అపరాధం కట్టాలి. నాలుగు రోజులు గడువు పెట్టాడు. దిక్కులేని దేశంలో ఉన్న నికితిన్‌కు ఆ గుర్రమే సర్వస్వం. అయినా తన విశ్వాసాన్ని వదులుకోవడానికి అతని మనసు ఒప్పలేదు. గడువు తీరబోతుండగా ఖురాసాన్ ప్రాంతం నుండి వచ్చిన ఖోజా మహమ్మద్ అనే పెద్దమనిషి అతని మొర విని, అధిపతి వద్దకు వెళ్ళి నచ్చజెప్పాడు. గుర్రం తిరిగి వచ్చింది. బలవంతం చేసినవాడూ, కాపాడినవాడూ ఒకే మతానికి చెందినవారు. మనిషి మంచిచెడ్డలను అతని మతం పేరును బట్టి నిర్ణయించరాదని ఈ ఒక్క సంఘటన చెబుతుంది.

జున్నర్ నుండి నికితిన్ బీదరు చేరాడు. అప్పుడది బహమనీ రాజ్యానికి రాజధాని. మూడవ మహమ్మద్ షా సుల్తాను. అతడు ఇంకా యువకుడు. రాజ్యభారమంతా మహమూద్ గవాన్ అనే మంత్రి చేతిలో ఉండేది. గవాన్ కూడా ఒకనాటి ప్రవాసియే. ఇరాన్‌లోని గిలాన్ నుండి వర్తకుడుగా బీదరు వచ్చి, తన తెలివితేటలతో ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో అతడు కట్టించిన విద్యాలయం బీదరు నడిబొడ్డున నేటికీ ఉంది. మూడంతస్తుల ఆ భవనం గోడలకు పొదిగిన రంగురంగుల పలకలు కొంత మేరకు మిగిలి ఉన్నాయి. 1481లో శత్రువులు పన్నిన కుట్రవల్ల గవాన్ మరణశిక్షకు గురయ్యాడు. అటుపైన కొద్దికాలానికే బహమనీ రాజ్యం ముక్కలయింది.

బీదరులో నికితిన్ చూసిన విశేషాలు చాలా ఉన్నాయి. సుల్తాను కోటకు ఏడు వాకిళ్ళు. ఒక్కొక్క వాకిట కావలివారితోపాటు లేఖకులు కూర్చుని, లోపలికి వచ్చేవారి పేర్లూ, బయటికి పోయేవారి పేర్లూ రాసుకొనేవారు. రాత్రివేళ కొత్వాలు మనుషులు కాగడాలు పట్టుకొని, గుర్రాలమీద నగరమంతా పహరా తిరిగేవారు. పండుగనాడు సుల్తాను ఊరేగింపులో ఏనుగులు కవచాలు తొడుక్కొని, దంతాలకు కత్తులు కట్టించుకొని నడిచేవి. ఇంత వైభవాన్ని చూసిన ఆ కళ్ళే మరొకదాన్ని కూడా చూశాయి. ప్రభువులు వెండి పల్లకీలలో తిరుగుతుంటే పల్లెల్లోని జనం కటిక పేదరికంలో ఉన్నారని నికితిన్ దాపరికం లేకుండా రాశాడు. అతడికి సుల్తాను ఇచ్చే బహుమానం మీద ఆశ లేదు కనుక ముఖస్తుతి చేయవలసిన అవసరం రాలేదు.

బీదరులో గుర్రాన్ని అమ్ముకొన్న తరువాత అతడు సామాన్య జనంతో కలిసిపోయాడు. తాను ముస్లిమును కాననీ, క్రైస్తవుణ్ణనీ ఉన్న నిజం చెప్పాడు. అప్పటినుండి ఇక్కడి హిందువులు అతని దగ్గర ఏదీ దాచలేదు. తమ తిండి, వర్తకం, పూజ, ఇంటి సంగతులు అన్నీ విప్పి చెప్పారు. అన్నం, కిచిడీ, ఆకుకూరలు తింటారనీ, కుడిచేతితోనే భుజిస్తారనీ, ప్రయాణంలో ఎవరి వంటకుండ వారే వెంట తీసుకుపోతారనీ అతడు రాసుకొన్నాడు. నిజం చెప్పినవాడికి పరాయి ఊరిలో కూడా తలుపులు తెరుచుకొంటాయి.

తెలుగువారికి మరింత ఆసక్తి కలిగించే ఘట్టం ఇక్కడే ఉంది. శివరాత్రి సమీపించింది. యాత్రికులు బీదరు నుండి ‘పర్వతం’ అనే క్షేత్రానికి బయలుదేరారు. నికితిన్ వారి వెంట నడిచాడు. నెలరోజుల ప్రయాణం. ఆ పర్వతం మన శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడ అయిదు రోజులు తిరునాళ్ళు జరిగింది. గుడి చుట్టూ రాతిగోడలమీద చెక్కిన బొమ్మలను, నల్లరాతి నందిని, ఆ నంది గిట్టలను ముద్దాడి పూలు చల్లే భక్తులను, తలనీలాలు ఇచ్చుకొనే జనాన్ని అతడు చూశాడు. తన ఊరివారికి ఎలా చెబితే అర్థమవుతుంది? ఆ ఆలయం ట్వేర్ నగరంలో సగమంత ఉంటుందని రాశాడు. క్రైస్తవులకు జెరూసలేము ఎటువంటిదో, ముస్లిములకు మక్కా ఎటువంటిదో, వీరికి ఈ పర్వతం అటువంటిదని పోల్చి చెప్పాడు. తెలియనిదాన్ని తెలిసినదానితో పోల్చి చెప్పడం యాత్రా రచనకు ప్రాణం. శ్రీశైలం గుడి ప్రాకారం మీది శిల్పాలను నేటి యాత్రికులు కూడా చూడవచ్చు.

నికితిన్ రాసినదంతా నిజమేనా? కాదు. ఆలంద్‌లో పెద్ద సంత జరిగేదనీ, అక్కడికి గుర్రాలు వేలాదిగా వచ్చేవనీ అతడు రాశాడు. ఇది వర్తకుడికి బాగా తెలిసిన విషయం. ఆ ఊరి దగ్గరే రాత్రివేళ ఒక పక్షి ఎగురుతుందనీ, అది ఏ ఇంటిమీద వాలితే ఆ ఇంట చావు తప్పదనీ, చంపబోతే దాని నోటినుండి నిప్పు వస్తుందనీ కూడా రాశాడు. ఇది ఎవరో చెప్పగా విన్నది. గుడ్లగూబ గురించి మన పల్లెల్లో ఇప్పటికీ ఇటువంటి మాటలు వినిపిస్తాయి. కళ్ళతో చూసినది ఏది, చెవులతో విన్నది ఏది అని విడదీసుకొని చదివితేనే యాత్రా రచనలు మనకు చరిత్రను అందిస్తాయి.

ఇన్ని చూసినా నికితిన్ మనసులో ఒక వెలితి ఉండేది. పుస్తకాలు దోపిడీలో పోయినందున అతనికి తన పండుగలు ఏ రోజు వస్తాయో తెలిసేది కాదు. ఆకాశంలో చుక్కల స్థానాన్ని చూసి, ముస్లిముల పండుగలనుబట్టి లెక్కగట్టి, ఉజ్జాయింపుగా ఉపవాసాలు ఉండేవాడు. తన మతంవాడు ఒక్కడైనా లేని చోట తన ప్రార్థనను తానే గుర్తు చేసుకొనేవాడు. అతని రచన రష్యన్ భాషలో సాగుతూ, మధ్యమధ్య తురుష్క, పారశీక, అరబ్బీ మాటలలోకి మారిపోతుంది. దేశాలు తిరిగిన నాలుక అది. ఆ కలగలుపు భాషలోనే ఒకచోట తన రష్యా భూమిని భగవంతుడు కాపాడాలని వేడుకొన్నాడు. అక్కడి ప్రభువులు న్యాయం తప్పినవారే అయినా అటువంటి నేల మరొకటి లేదని తలచుకొన్నాడు.

వ్యాపారం విషయంలో అతనికి ఆశాభంగమే కలిగింది. ఇక్కడ మిరియాలు, రంగులు చవకగానే దొరికాయి. కాని సుంకాలు, దారిలోని దొంగల భయం లెక్కవేస్తే తన దేశానికి తీసుకుపోదగిన సరుకు ఏదీ కనిపించలేదు. చివరకు దాభోల్ రేవులో ఓడ ఎక్కి, మళ్ళీ హోర్ముజ్, తబ్రీజ్‌ల మీదుగా నల్లసముద్రం దాటి క్రిమియాలోని కఫా పట్టణం చేరాడు. కాస్పియన్ సముద్రం, హిందూ మహాసముద్రం, నల్లసముద్రం అతడు దాటిన మూడు సముద్రాలు. ఇంటికి ఇంకొంత దూరమే ఉన్నది. కాని ట్వేర్ నగరాన్ని మళ్ళీ చూసే భాగ్యం అతనికి లేకపోయింది. స్మోలెన్‌స్క్ చేరకముందే దారిలో మరణించాడు. అతడు స్వహస్తంతో రాసిన కాగితాలను వర్తకులు మాస్కోకు చేర్చారు. 1475లో వాటిని అక్కడి చరిత్ర గ్రంథంలో చేర్చారు. ‘మూడు సముద్రాల ఆవలికి ప్రయాణం’ అనే పేరుతో ఆ రచన తరువాత లోకానికి తెలిసింది. 1957లో భారత, సోవియట్ దేశాలు కలిసి నికితిన్ కథను ‘పరదేశి’ అనే చలనచిత్రంగా తీశాయి. గుర్రం అమ్మిన డబ్బు ఏమయిందో ఎవరికీ అక్కరలేదు. కాగితాలు మాత్రం నిలిచాయి.

తెలుగువారిలోనూ ఇటువంటి యాత్రికుడు ఒకరు ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారిలో ఆయన కూడా శ్రీశైలం దర్శించారు. మజిలీ మజిలీకి చూసిన ఊళ్ళు, దారులు, జనుల ఆచారాలు మిత్రునికి తెలుగులో రాసి పంపారు. అవి 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఒకరు రష్యన్‌లో, మరొకరు తెలుగులో, ఇద్దరూ తమ ఇంటివారికి అర్థమయ్యే భాషలో రాశారు.

నేడు ప్రపంచంలో ఏ మూలకైనా విమానంలో ఒకటి రెండు రోజుల్లో చేరవచ్చు. ఎన్ని దేశాలు తిరిగామన్నది సులభంగా లెక్కపెట్టవచ్చు. ఎంత చూశామన్నది వేరే లెక్క. కమలనగర్ నుండి బీదరు వెళ్ళే విద్యార్థి కోట వాకిళ్ళను లెక్కపెట్టవచ్చు. గవాన్ విద్యాలయం గోడమీది అక్షరాల ముందు కాసేపు నిలబడవచ్చు. జస్తం, రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోటమట్టితో నల్లబరిచే బిద్రీ పనివారితో మాట్లాడవచ్చు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చూసినదీ విన్నదీ వేరువేరుగా తన భాషలో నాలుగు వాక్యాలు రాసుకొంటే, నికితిన్ నడిచిన దారిలో తానూ ఒక అడుగు వేసినట్లే.

పదాలు – అర్థాలు

బాటసారి = దారిన పోయేవాడు, ప్రయాణికుడు
ప్రవాసి = స్వస్థలం విడిచి వేరొకచోట ఉండేవాడు
ముఖస్తుతి = ఎదుట నిలిచి చేసే పొగడ్త
దుబాసీ = రెండు భాషలు తెలిసి, ఒకరి మాటలు మరొకరికి చెప్పేవాడు
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
ఉజ్జాయింపు = సుమారు లెక్క

ప్రశ్నలు

1. నికితిన్ ఇంటికి తిరిగి వెళ్ళక ముందుకు సాగడానికి కారణమేమి?
2. జున్నర్‌లో జరిగిన సంఘటనను మీ మాటల్లో రాయండి. దానివల్ల మీరు గ్రహించినదేమి?
3. నికితిన్ శ్రీశైలాన్ని తన ఊరివారికి ఏ పోలికలతో వివరించాడు?
4. యాత్రా రచనలో చూసినదానికీ, విన్నదానికీ ఉన్న భేదాన్ని పాఠంలోని ఉదాహరణలతో తెలపండి.
5. మీరు చూసిన ఒక ఊరిని గురించి, ఆ ఊరిని ఎన్నడూ చూడని మిత్రునికి లేఖ రాయండి.