మారోవిండ్ (కంప్యూటరు ఆట)

మారోవిండ్ అనునది అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ తయారుచేసిన ఒక కంప్యూటరు ఆట. దీని పూర్తి పేరు ది ఎల్డర్ స్క్రోల్స్ 3: మారోవిండ్. ఇది 2002 మే నెలలో విండోస్ కంప్యూటర్లకు, అదే సంవత్సరం జూన్ నెలలో ఎక్స్‌బాక్స్ యంత్రమునకు విడుదలైనది. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్ అనబడే పాత్రధారణ ఆటల కోవకు చెందినది. అనగా ఆటగాడు ఒక పాత్రను సృష్టించుకొని, ఆ పాత్రగా ఒక కల్పిత ప్రపంచములో సంచరిస్తాడు. ఇందులో ప్రధాన కథ ఒకటి ఉన్నప్పటికీ దానిని వెంటనే అనుసరించవలెనను నియమము లేదు. మొదటి ఊరు దాటిన క్షణము నుండి ద్వీపములో ఏ దిక్కునకైనా నడచిపోవచ్చును. ఇటువంటి ఆటలను ఓపెన్ వరల్డ్ ఆటలు అంటారు.

అభిమానులు ఎందరున్నా, ఈ ఆట కొత్తవారిని తొలి గంటలోనే నిరుత్సాహపరచుటలో కూడా పేరు పొందినది. అందుకు కారణము ఆట మరీ కఠినముగా ఉండుట కాదు, తన నియమములను తాను వివరించకపోవుట. ఆ నియమములలో నాలుగైదు తెలిసినవారికి ఇది చాలా ఉదారమైన ఆట.

నేపథ్యము

ఎల్డర్ స్క్రోల్స్ వరుసలో మొదటిది ఎరీనా (1994), రెండవది డాగర్‌ఫాల్ (1996). డాగర్‌ఫాల్ లోని భూభాగము చాలా వరకు కంప్యూటరు గణనల ద్వారా పుట్టించినది. అందులో ఊళ్ళు వేలకొద్దీ ఉన్నా ఒక ఊరికీ మరొక ఊరికీ పెద్ద తేడా కనిపించదు. మారోవిండ్ నిర్మాతలు దీనికి విరుద్ధమైన మార్గమును ఎంచుకొన్నారు. భూభాగమును బాగా తగ్గించి, అందులోని ఇళ్ళను, గుహలను, చివరకు బల్లలపై ఉండే గిన్నెలను కూడా చేతితో అమర్చారు. ఈ కాలములో సంస్థ ఆర్థికముగా ఇబ్బందులలో ఉన్నది. 1998లో విడుదలైన రెడ్‌గార్డ్ అనే ఆట ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1999లో జెనిమాక్స్ అనే మాతృసంస్థ ఏర్పడిన తరువాత మారోవిండ్ పని ఊపందుకొన్నది.

ఈ నిర్మాణమునకు టాడ్ హోవార్డ్ నాయకత్వము వహించాడు. ప్రధాన రూపకర్త కెన్ రోల్‌స్టన్. ఈయన అంతకు పూర్వము కాగితము, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆటలకు రచన చేసినవాడు. ఆ పాచికల ఛాయ మారోవిండ్‌లో ఎంత గాఢముగా ఉన్నదో క్రింద చూడవచ్చును. సంగీతము జెరెమీ సోల్ సమకూర్చాడు.

కథాస్థలము

టామ్రియెల్ అనే కల్పిత ఖండములో మారోవిండ్ ఒక రాష్ట్రము. ఆట మొత్తము ఆ రాష్ట్రములోని వ్వార్డెన్‌ఫెల్ అనే ద్వీపములోనే జరుగుతుంది. ద్వీపము నడుమ రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతము ఉన్నది. దాని చుట్టుప్రక్కల బూడిద తుఫానులు వీస్తుంటాయి. యూరపు జానపద కథలలోని కోటలు, పచ్చని అడవులు ఇక్కడ తక్కువ. చెట్లంత పుట్టగొడుగులు, గుల్ల తొలిచి ప్రయాణ వాహనముగా మార్చిన పొడవు కాళ్ళ మహాకీటకములు, ఒక బ్రహ్మాండమైన పీత చిప్ప క్రింద కట్టుకొన్న భవనములు ఇక్కడ కనిపిస్తాయి.

ద్వీపవాసులు డన్మర్ అనే జాతివారు. బూడిదరంగు చర్మము, ఎర్రని కన్నులు వీరి లక్షణములు. వీరి దేశము సామ్రాజ్యమునకు లోబడి ఉన్నది గానీ సామ్రాజ్యముపై వీరికి ప్రేమ లేదు. వీరిలో హ్లాలు, రెడోరాన్, టెల్వాన్ని అనే మూడు మహావంశములు ద్వీపమును పంచుకొని ఏలుతుంటాయి. బానిసత్వము ఇక్కడ చట్టబద్ధము. ఆర్గోనియన్, ఖజీట్ జాతులవారిని తోటలలో సంకెళ్ళతో పని చేయించుట ఆటగాడు కళ్ళారా చూస్తాడు. ఆటగాడు ఏ జాతిని ఎంచుకొన్నా, డన్మర్ అయినా సరే, స్థానికులు అతనిని పరదేశి అనే పిలుస్తారు.

ఇక్కడి ప్రజలు ఆల్మలెక్సియా, సోతా సిల్, వివెక్ అనే ముగ్గురు సజీవ దేవతలను కొలుస్తారు. వీరిలో వివెక్ దేహము సగము బంగారు వన్నె, సగము బూడిద వన్నె. ఆ రూపము ఒకేసారి పురుషుడు, స్త్రీ కూడా. తెలుగు పాఠకులకు ఇక్కడ అర్ధనారీశ్వరుడు తలపునకు రాక మానడు. ఎన్నడో మరణించిన నెరెవర్ అనే వీరుడు మరల జన్మిస్తాడని సంచార తెగలవారు నమ్ముతారు. ఆ నమ్మకమును దేవాలయము నిషేధించినది. ప్రధాన కథ అంతా ఈ పునర్జన్మ చుట్టూ నడుస్తుంది. ఆటగాడు నిజముగా ఆ వీరుడేనా, లేక సామ్రాజ్యము తన అవసరము కొద్దీ ఆ వేషము వేయించినదా అన్న ప్రశ్నకు ఆట సూటిగా సమాధానము ఇవ్వదు. ఈ వరుసలోని మిగిలిన కథల కంటే దీనిని మిన్నగా నిలిపినది ఈ సందిగ్ధతే.

ఆట ప్రారంభము

ఆట మొదలగునప్పటికి ఆటగాడు ఓడలో తెచ్చిన ఖైదీ. సేడా నీన్ అనే చిన్న రేవు ఊరిలో అతనిని దించి, సుంకపు కార్యాలయములో పేరు, జాతి, వృత్తి, జన్మరాశి వ్రాసుకొని విడిచిపెడతారు. పాత్ర సృష్టి అంతా ఈ కాగితముల పని రూపములోనే జరుగుతుంది. పిదప ఒక పొట్లము ఇచ్చి, బాల్మోరా అనే ఊరిలో కాయస్ కొసాడెస్ అనే వ్యక్తికి అందజేయమంటారు. అంతటితో తలుపు తెరచుకొంటుంది. ఏ సహాయకుడూ వెంట రాడు.

కొత్తవారు ఇక్కడి నుండి వెంటనే బాల్మోరాకు పరుగు తీయకుండా సేడా నీన్‌లో కొంతసేపు గడుపుట మంచిది. కార్యాలయము బయట పీపాలో ఒక ఉంగరము దొరుకుతుంది. అది ఫార్గోత్ అనే స్థానికునిది. తిరిగి ఇస్తే అతనితో పాటు ఊరి దుకాణదారు అరిల్ కూడా స్నేహముగా మెలగుతాడు. అదే దుకాణపు మేడపై ఉండే ఒక సైనికుడు, ఫార్గోత్ తన సొమ్ము ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టమని అడుగుతాడు. అందుకు రాత్రివేళ దీపస్తంభము ఎక్కి, చీకటిలో అతడు నడిచే దారిని చూస్తూ ఉండవలెను. తెరపై బాణపు గుర్తులేవీ రావు. కన్నులతో చూచి గుర్తుంచుకొనుటే పని. ఆట మొత్తము ఎలా ఉండబోతున్నదో ఈ చిన్న ఘట్టమే చెప్పేస్తుంది.

ఊరు దాటిన తరువాత దారిలో ఆకాశము నుండి ఒక మాంత్రికుడు కేకలు వేస్తూ పడి చనిపోతాడు. అతని వద్ద ఎగురుటకు పనికివచ్చే మూడు మంత్రపత్రములు ఉంటాయి. వాటిలో ఒకటి చదివి గెంతితే ద్వీపములో చాలా దూరము పోవచ్చును. అయితే మంత్రబలము కొన్ని క్షణములలో తీరిపోతుంది గనుక దిగునప్పుడు ఆ మాంత్రికుని గతే పడుతుంది. నేలను తాకుటకు ముందే రెండవ పత్రమును చదివినవారు బ్రతుకుతారు.

కత్తి ఎందుకు తగలదు?

కొత్తవారిలో పెక్కుమంది ఆటను విడిచిపెట్టేది ఈ విషయము వలననే. కత్తి ఎదుటి జంతువు దేహము గుండా పోయినట్లు తెరపై స్పష్టముగా కనిపిస్తుంది, కానీ దెబ్బ తగలదు. ఆట చెడిపోయినదని భావించేవారు కూడా ఉన్నారు. వాస్తవానికి ప్రతి దెబ్బ వెనుక ఒక పాచిక పడుతుంది. ఆ ఆయుధములో నైపుణ్యము, దానికి చురుకుదనములో ఐదవ వంతు, అదృష్టములో పదవ వంతు కలిపి, వచ్చిన మొత్తమును పాత్ర ఆయాసమును బట్టి హెచ్చించుట గాని తగ్గించుట గాని జరుగుతుంది. తెర క్రింద కనిపించే మూడు గీతలలో ఎర్రది ప్రాణము, నీలము మంత్రశక్తి, ఆకుపచ్చనిది ఆయాసమును తెలుపునది. ఆకుపచ్చ గీత నిండుగా ఉంటే మొత్తము 1.25 రెట్లు అవుతుంది. అది ఖాళీ అయితే 0.75 వంతునకు పడిపోతుంది.

పొడవు కత్తిలో 40 నైపుణ్యము, చురుకుదనము 40, అదృష్టము 40 గల పాత్ర ఉన్నదనుకొంటే, ఆ మొత్తము 52 అవుతుంది. ఆయాసము లేనప్పుడు అతని దెబ్బ తగిలే అవకాశము నూటికి 65. బాగా అలసినప్పుడు నూటికి 39 మాత్రమే. శత్రువు తప్పించుకొనే శక్తి దీనిలో నుండి ఇంకా తీసివేయబడుతుంది. సుంకపు కార్యాలయములో మొదట దొరికే ఆయుధము బాకు. బాకు పొట్టి కత్తుల కోవలోనిది. పై పాత్రకు పొట్టి కత్తిలో నైపుణ్యము 5 మాత్రమే ఉంటే, ఆయాసము లేకున్నా అవకాశము నూటికి 21. అలసి ఉంటే 13. పరుగెత్తినంతసేపూ ఆకుపచ్చ గీత తరుగుతూనే ఉంటుంది. చేతికి దొరికిన బాకు పట్టుకొని, ఊరి నుండి పరుగున వచ్చి, ఎదురైన పీతపై పడిన కొత్త ఆటగాడు పది దెబ్బలలో తొమ్మిది గాలిలో కొట్టుటలో వింత లేదు.

కనుక పాటించవలసినవి రెండే. తన వృత్తికి తగిన ఆయుధమును అరిల్ దుకాణములో కొనుక్కొనవలెను. పోరునకు ముందు పరుగు ఆపి నడవవలెను లేదా విశ్రమించవలెను. ఇవి తెలిసిన తరువాత చాలామందికి మొదటి గంటలోని కోపము గుర్తు కూడా ఉండదు.

పాత్ర ఎంపిక

ఆటలో 10 జాతులు, 13 జన్మరాశులు, ముందే సిద్ధము చేసిన 21 వృత్తులు కలవు. స్వంత వృత్తిని కూర్చుకొనుటకు కూడా వీలున్నది. మొత్తము 27 నైపుణ్యములలో ఐదు ముఖ్యమైనవిగా, ఐదు ద్వితీయమైనవిగా ఎంచుకొంటారు. ఈ పదింటిలో కలిపి పది మెట్లు పెరిగినప్పుడు, పాత్ర నిద్రించి లేచిన పిమ్మట ఒక స్థాయి పైకి పోతుంది. ఏ పని చేస్తే ఆ నైపుణ్యమే పెరుగుతుంది. గెంతుతూ ఉంటే గెంతుట, బేరమాడుతూ ఉంటే బేరము వృద్ధి అవుతాయి. ఎక్కువ ఆయుధ నైపుణ్యములు తీసుకొనుట కొత్తవారు చేసే సాధారణమైన పొరపాటు. ఒక ఆయుధము, ఒక రకము కవచము చాలు.

దేహదారుఢ్యమును ముందుగా పెంచుట లాభము. ప్రతి స్థాయిలో పెరిగే ప్రాణము అప్పటి దారుఢ్యములో పదవ వంతు. తరువాత పెంచితే గడచిన స్థాయిలకు అది లెక్కకు రాదు. మంత్రశక్తి తనంత తాను తిరిగి నిండదు, నిద్రతో గాని రసాయనముతో గాని నింపుకొనవలెను. అట్రోనాక్ రాశిలో పుట్టిన పాత్రకు నిద్రతో కూడా నిండదు కాబట్టి మొదటిసారి ఆడేవారు దానిని విడుచుట మేలు. ఆర్గోనియన్, ఖజీట్ జాతులవారు పాదరక్షలు, ముఖమంతా కప్పే శిరస్త్రాణములు ధరించలేరు.

దారి తెలుసుకొనుట

2006లో వచ్చిన ఆబ్లివియన్ నుండి ఈ వరుసలోని ఆటలు చేరవలసిన చోటును దిక్సూచిపై గుర్తుతో చూపుతున్నాయి. మారోవిండ్‌లో అది లేదు. పని అప్పగించినవారు దారిని నోటితో చెబుతారు. ఫలానా వంతెన దాటి, ఫలానా కోట ప్రక్కగా, ఎడమ చేతి వైపు అని పల్లెలో బాటసారికి చెప్పినట్లే ఉంటుంది. ఆ మాటలు దినచర్య పుస్తకములో నమోదు అవుతాయి. సంభాషణలు చాలా వరకు వ్రాతరూపములోనే ఉంటాయి. రంగు మారిన పదముపై నొక్కితే ఆ విషయము గురించి ఎదుటివారు చెబుతారు. విజ్ఞాన సర్వస్వపు పుటలలోని లింకులకు అలవాటుపడినవారికి ఇది వెంటనే పట్టుబడుతుంది.

బాల్మోరాలో కాయస్ కొసాడెస్ ఇల్లు కూడా ఇలా అడిగి కనుగొనవలసినదే. సౌత్ వాల్ అనే పానశాలలో అడిగితే చెబుతారు. పైకి చొక్కా లేని ముసలివానిగా కనిపించే కాయస్ నిజానికి సామ్రాజ్యపు గూఢచారుల అధిపతి. అతడు పొట్లము అందుకొని, 200 నాణెములు ఇచ్చి, ముందు ఏదైనా సంఘములో చేరి అనుభవము సంపాదించి రమ్మని చెబుతాడు. కొత్తవారు చాలామంది దీనిని మర్యాదకు అన్న మాటగా తీసుకొంటారు. అది ఆట ఇచ్చే అతి విలువైన సలహా. యోధుల సంఘము, మాంత్రికుల సంఘము రెండూ ఆ ఊరిలోనే ఉన్నాయి. వాటిలో చిన్న పనులు చేసి మూడు నాలుగు స్థాయిలు పెరిగిన తరువాత అతని వద్దకు తిరిగి వెళ్ళితే కథ సాఫీగా సాగుతుంది.

ఆ తరువాత ఆర్క్‌న్‌గ్‌థాండ్ అనే పురాతన శిథిలములో ఒక లోహపు పెట్టెను వెదకవలసి ఉంటుంది. శిథిలపు తలుపు నెట్టితే రాదు. అక్కడి గొట్టమునకు అమర్చిన పిడిని త్రిప్పవలెను. ఇక ఆ పెట్టె పేరుకు పెట్టెయే గానీ, అలమరలో ఇతర సామానుల మధ్య ఉండే ఒక చిన్న ఘనము. ఒకే శిథిలములో గంటల తరబడి తిరిగి దానిని దాటిపోయినవారు ఎందరో.

ప్రయాణ సాధనములు

పైన చెప్పిన మహాకీటకమును సిల్ట్ స్ట్రైడర్ అంటారు. సేడా నీన్ నుండి బాల్మోరా, వివెక్, సురాన్, గ్నిసిస్ ఊళ్ళకు దీనిపై పోవచ్చును. తీరపు ఊళ్ళకు పడవలు, మాంత్రికుల సంఘపు ఐదు శాఖల మధ్య క్షణములో చేర్చే మంత్రము కలవు. మార్క్ మంత్రముతో ఒక చోటును గుర్తించి, రికాల్ మంత్రముతో అక్కడికి తిరిగి రావచ్చును. ఆల్మ్‌సివి ఇంటర్వెన్షన్ అనే మంత్రము దగ్గరలోని దేవాలయమునకు చేరుస్తుంది. ప్రమాదములో ఇదే రక్ష. ఈ పేరు ముగ్గురు దేవతల పేర్లలోని భాగములను కలిపి కట్టినది.

విస్తరణలు, తరువాతి కాలము

ట్రిబ్యునల్ (2002), బ్లడ్‌మూన్ (2003) అనే రెండు విస్తరణలు వెలువడినవి. 2003లో ఈ రెంటినీ కలిపి ఒకే సంచికగా విడుదల చేశారు. నేడు సాధారణముగా అమ్మకములో ఉన్నది ఇదే. దినచర్యను పనుల వారీగా చూచుకొనే వీలు ట్రిబ్యునల్‌తోనే వచ్చినది. అంతకు ముందు అన్నీ తేదీల వరుసలో కలగాపులగముగా ఉండేవి. అయితే కలిపిన సంచికలో ఒక చిక్కు ఉన్నది. ట్రిబ్యునల్ కథ అనుభవము గల పాత్రలకు ఉద్దేశించినది. కానీ ఆ కథను మొదలుపెట్టే హంతకులు మొదటి స్థాయి పాత్ర నిద్రించినప్పుడు కూడా వచ్చి పడతారు. అందువలన కొత్తవారు నిద్రకు ముందు ఆటను భద్రపరచుకొనవలెను. హంతకులు తెచ్చే కవచము మాత్రము ఆ దశలో మంచి ధర పలుకుతుంది.

కంప్యూటరు సంచికతో పాటు, నిర్మాతలు వాడిన ఉపకరణమునే కన్‌స్ట్రక్షన్ సెట్ అను పేరుతో కొనుగోలుదారులకు అందజేశారు. దీని సహాయమున అభిమానులు కొత్త ఊళ్ళు, కొత్త కథలు నిర్మించుట ఆరంభించారు. టామ్రియెల్ రీబిల్ట్ అనే బృందము ద్వీపము వెలుపలి మారోవిండ్ భూభాగమును రెండు దశాబ్దములకు పైగా స్వచ్ఛందముగా నిర్మిస్తున్నది. ఓపెన్‌ఎండబ్ల్యు అనునది ఈ ఆటను నడుపుటకు స్వచ్ఛంద కార్యకర్తలు మొదటి నుండి వ్రాసిన స్వేచ్ఛా సాఫ్టువేరు. లినక్సు వంటి వ్యవస్థలపై, నేటి పెద్ద తెరలపై ఆట నిలకడగా నడచుటకు ఇది ఉపకరిస్తుంది. అయితే దీనిని వాడుటకు అసలు ఆట ఫైళ్ళు తప్పనిసరిగా కొని ఉండవలెను.