సుగంధ జెరేనియంలకు కుండీ మార్పిడి: వేళ్లకు గాలి అందించే శాస్త్రం

ఆకును చేతివేళ్ల మధ్య నలిపితే గులాబీ, నిమ్మ, పుదీనా, ఆపిల్ వాసనలను తలపించే పరిమళాన్ని వెదజల్లే కొన్ని మొక్కలను తోట పెంపకందారులు సుగంధ జెరేనియంలని పిలుస్తారు. వృక్షశాస్త్రం ప్రకారం ఇవి జెరేనియం ప్రజాతికి గాక, అదే కుటుంబంలోని పెలార్గోనియం ప్రజాతికి చెందినవి. లినేయస్ 1753లో ఈ రెంటినీ ఒకే ప్రజాతిగా పరిగణించగా, ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరిటియే 1789లో పెలార్గోనియంను వేరుచేశాడు. అయినా తోటల్లో పాత పేరే నిలిచిపోయింది. పెలార్గోనియంలో సుమారు 280 జాతులుండగా వాటిలో అత్యధిక భాగం దక్షిణాఫ్రికాకు, ముఖ్యంగా అక్కడి కేప్ ప్రాంతానికి చెందినవి. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానం తరఫున 1772లో కేప్‌కు చేరిన ఫ్రాన్సిస్ మాసన్ వంటి సేకర్తలు పంపిన మొక్కలతో ఐరోపా గాజుగృహాల్లో వీటి పెంపకం విస్తరించింది. చలికాలంలో లోపలికి, వేసవిలో ఆరుబయటికి మార్చవలసి రావడంతో అక్కడ ఇవి కుండీ మొక్కలుగానే స్థిరపడ్డాయి.

పరిమళానికి మూలం ఆకుల ఉపరితలంపై ఉండే గ్రంథి రోమాలు, అంటే కొనభాగాన తైలాన్ని స్రవించి నిల్వచేసుకునే సూక్ష్మమైన వెంట్రుకలు. ఆకు నలిగినప్పుడు వాటి కొనలు పగిలి, సులభంగా ఆవిరయ్యే టెర్పీన్ల తరగతి సమ్మేళనాలు గాలిలో కలుస్తాయి. గులాబీ వాసన గల రకాల్లో సిట్రొనెల్లాల్, జెరానియాల్ ప్రధానం కాగా, పుదీనా వాసన గల పెలార్గోనియం టోమెంటోసంలో మెంథోన్, ఐసోమెంథోన్ అధికంగా ఉంటాయి. వాసనల్లో ఉన్నట్లే పుట్టిన తావుల్లోనూ వైవిధ్యముంది. పెలార్గోనియం కాపిటాటం సముద్రతీరపు ఇసుక దిబ్బల్లో పెరిగితే, టోమెంటోసం అడవి అంచుల్లోని తేమగల నీడలో వ్యాపిస్తుంది. ఈ తేడా ఎలా ఉన్నా, నీరు నిలిచిపోయి గాలి ఆడని మట్టిని సహించలేకపోవడం ఇళ్లలో పెంచే సుగంధ జెరేనియంలన్నిటికీ సమాన లక్షణం. కుండీ మార్పిడికి సంబంధించిన నియమాలలో అధిక భాగం ఈ ఒక్క లక్షణం నుంచే పుడతాయి.

కుండీలో నీటి నడక

వేళ్లు జీవకణాలతో కూడినవి గనుక శ్వాసిస్తాయి. అందుకు అవసరమైన ఆక్సిజన్ మట్టి రేణువుల నడుమ ఉన్న ఖాళీల గుండా వాటికి చేరుతుంది. ఆ ఖాళీలు నీటితో నిండినప్పుడు ఆక్సిజన్ ప్రసరణ గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు మందగిస్తుంది. అప్పుడు వేళ్లకు శక్తి చాలక నీటిని, పోషకాలను గ్రహించే పని కుంటుపడుతుంది. నీటిలో ఈదగల సిద్ధబీజాలతో వ్యాపించే పితియం వంటి కుళ్లు కారకాలు ఆ బలహీనమైన వేళ్లపై దాడిచేస్తాయి. మట్టి తడిగా ఉండగానే మొక్క వాడిపోవడానికి కారణమిదే. అలా వాడిన మొక్కకు మరింత నీరు పోయడం వల్ల నష్టం రెట్టింపవుతుంది.

అడుగున రంధ్రమున్న కుండీలో నీరు నిలవదని చాలామంది భావిస్తారు గాని, వాస్తవం వేరు. రేణువుల మధ్య సన్నని ఖాళీలు నీటిని కేశనాళికా బలంతో, అంటే గురుత్వాకర్షణకు ఎదురుగా నీటిని పట్టి నిలిపే బలంతో, ఆపి ఉంచుతాయి. అందువల్ల అదనపు నీరంతా కారిపోయిన తరువాత కూడా కుండీ అడుగున పూర్తిగా తడిసిన ఒక పొర మిగులుతుంది. తడిసిన స్పంజిని బల్లపరుపుగా పట్టుకుని, నీరు కారడం ఆగాక నిలువుగా తిప్పితే మరికొంత నీరు కారడంలో ఈ సూత్రమే కనిపిస్తుంది. ఈ తడి పొర ఎత్తు ముఖ్యంగా మట్టి మిశ్రమపు రేణువుల పరిమాణంపై ఆధారపడుతుందే గాని కుండీ ఎత్తుపై కాదు. కాబట్టి ఒకే మిశ్రమం నింపిన రెండు కుండీల్లో లోతు తక్కువైన దానిలోనే వేళ్లలో ఎక్కువ భాగం నీటిలో చిక్కుకుంటుంది.

ఇదే కారణంగా కుండీ అడుగున గులకరాళ్లు, పెంకులు పరచడం ఆశించిన మేలు చేయదు. సన్నని ఖాళీల్లో ఉన్న నీరు పెద్ద ఖాళీల్లోకి సులభంగా దిగదు. పైనున్న మట్టి దాదాపుగా తడిసి నిండే వరకూ సరిహద్దు దగ్గరే ఆగుతుంది. ఫలితంగా తడి పొర రాళ్లపైకి జరిగి, వేళ్లకు దక్కే గాలి ఆడే చోటు మరింత తగ్గుతుంది. మట్టి జారిపోకుండా రంధ్రంపై ఒక పెంకునో వలముక్కనో ఉంచితే చాలు.

మార్పిడి ఎప్పుడు, ఎంత పెద్ద కుండీలోకి

కాలం గడిచేకొద్దీ మిశ్రమంలోని సేంద్రియ పదార్థం కుళ్లి పొడిగా మారి ఖాళీలను పూడుస్తుంది; నీటిలోని, ఎరువులలోని లవణాలు పేరుకుని మట్టిపైన, కుండీ అంచున తెల్లని పొరగా కనిపిస్తాయి; గోడను తాకిన వేళ్లు దాని వెంబడి చుట్టుకుంటూ పెరుగుతాయి. పోసిన నీరు లోపల తడపకుండా గోడ పక్కనుంచి జారిపోవడం, ఉదయం తడిపిన మట్టి సాయంత్రానికే ఎండిపోవడం, రంధ్రం నుంచి వేళ్లు బయటికి రావడం మార్పిడి సమయం వచ్చిందనడానికి గుర్తులు.

కొత్త కుండీ పాతదానికంటే కొద్దిగా మాత్రమే పెద్దదై ఉండాలనడానికి లెక్క ఉంది. ఆకారం మారకుండా అన్ని కొలతలూ సమంగా పెరిగితే ఘనపరిమాణం వాటి ఘనంతో పెరుగుతుంది గనుక, 15 సెంటీమీటర్ల కుండీ నుంచి 18 సెంటీమీటర్ల కుండీకి మారినప్పుడు మట్టి సుమారు 1.7 రెట్లవుతుంది, అదే 30 సెంటీమీటర్లదానికి మారితే ఏకంగా 8 రెట్లవుతుంది. వేళ్లు చేరని ఆ అదనపు మట్టి నుంచి నీటిని పీల్చేవారు లేక, అది రోజుల తరబడి తడిగానే ఉండి కుళ్లుకు అవకాశమిస్తుంది. మట్టి కుండీ గోడల్లోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు ఆవిరవుతుంది కాబట్టి అతిగా నీరు పోసే అలవాటున్నవారికి అది ఎక్కువ రక్షణ. ప్లాస్టిక్ కుండీలో తడి ఎక్కువకాలం నిలుస్తుంది, కనుక నీటిని అంతే తగ్గించాలి.

తోటమట్టిని మాత్రమే నింపితే కుండీలో అది గట్టిపడుతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన వానపాముల ఎరువు, కొబ్బరి పొట్టు, ముతక ఇసుక లేదా పెర్లైట్ కలిపిన మిశ్రమం నీటికి, గాలికి తగిన సమతూకం ఇస్తుంది. పెర్లైట్ అంటే అగ్నిపర్వత గాజును అధిక వేడికి గురిచేసినప్పుడు ఉబ్బి ఏర్పడే తేలికైన తెల్లని గుళికలు. ఇసుక సన్ననిదైతే ఖాళీలను తెరవడానికి బదులు వాటినే పూడుస్తుంది. కొబ్బరి పొట్టులో సోడియం, పొటాషియం లవణాలుండవచ్చు గనుక రెండు మూడు సార్లు కడిగి వాడాలి.

చేసే క్రమం

మార్పిడికి ముందురోజు తేలికగా తడిపితే వేళ్ల ముద్ద విడిపోకుండా జారివస్తుంది. కాండాన్ని పట్టి లాగకుండా, కుండీని వంచి, అంచును తట్టి మొక్కను బయటికి తీయాలి. ఆరోగ్యకరమైన వేళ్లు లేతరంగులో గట్టిగా ఉంటాయి. గోధుమరంగుకు తిరిగి మెత్తబడినవాటిని శుభ్రమైన కత్తెరతో తొలగించాలి. చుట్టుకున్న వేళ్లను సడలించి, అవసరమైన చోట్ల కత్తిరిస్తే కోత దగ్గర నుంచి కొత్త పిల్లవేళ్లు చీలుతాయి. నీటిని గ్రహించే మూలకేశాలలో కొంత భాగం ఈ పనిలో తప్పక తెగిపోతుంది గనుక, ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని తగ్గించడానికి కొమ్మలను సుమారు మూడోవంతు వరకు కత్తిరించడం మంచిది. కొనను తొలగించినప్పుడు అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ ప్రభావం తగ్గి, పక్క మొగ్గలు మేల్కొని మొక్క గుబురుగా మారుతుంది. మొక్కను మునుపటి లోతులోనే నాటి, మట్టిని గట్టిగా అదమకుండా, ఒకసారి నిండుగా నీరు పోసి, వారం రోజుల పాటు పలుచని నీడలో ఉంచాలి. కొత్త ఆకులు వచ్చాకే ఎరువు ఇవ్వాలి. అప్పుడు కూడా నత్రజని మితిమీరితే ఆకులు పెద్దవవుతాయి గాని పరిమళం పలచబడుతుంది.

చలిదేశాల్లో ఈ పనికి వసంతారంభం తగిన సమయం కాగా, దక్కను పీఠభూమిలో వానలు వెనుదిరిగాక అక్టోబరు, నవంబరు నెలలు అనుకూలం. తుపాను వానలు కురిసే కోస్తాలో అవి తగ్గేవరకు ఆగడం మేలు. ఎండాకాలపు వేడిలో గాని, వర్షాకాలపు ముసురులో గాని తెగిన వేళ్లు త్వరగా కోలుకోలేవు.

మన మైదానాల్లో జెరేనియంకు వానకాలమే అసలు పరీక్ష. నూనె కోసం దీన్ని సాగుచేసే రైతులకు కూడా ఈ సమస్య ఎదురవుతుంది కాబట్టే, లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ, సీమాప్, తల్లిమొక్కలను వర్షాకాలమంతా తక్కువ ఖర్చుతో వేసిన పాలిథిన్ కప్పు కింద కాపాడి, వానల తరువాత వాటి కొమ్మలతో నారు పెంచే పద్ధతిని ప్రచారం చేసింది. ఇంటి మేడపై పెంచేవారికీ ఇదే మార్గం అనుసరణీయం. కుండీ మార్చిన రోజున కత్తిరించిన కొమ్మలలో 10 సెంటీమీటర్ల ముక్కలను ఎంచి, కింది ఆకులను తీసి, కోత ఆరేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచి, ఇసుక ఎక్కువగా ఉన్న మిశ్రమంలో నాటితే కొన్ని వారాల్లో వేళ్లు పడతాయి. ముదిరిన తల్లిమొక్క మరుసటి వానలకు తట్టుకోలేకపోయినా, అదే పరిమళం గల పిల్లమొక్కలు అప్పటికే పెంపకందారు చేతిలో సిద్ధంగా ఉంటాయి.